పాలపూత కింద నీలం

మాణిక్యాంబకి జబ్బు రావాలంటే, ఆ జబ్బు ముందుగా చెప్పులు బయట విడిచి, వరుసలో నిలబడి, చెయ్యెత్తి అనుమతి అడగాల్సిందేనని రాజమండ్రిలో చాలామంది నమ్మకం. ముప్ఫై మూడేళ్ళు బాలికల హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసిన మనిషి. రిటైరై మూడేళ్ళయినా, ఆవిడ వీధిలో నడిచొస్తుంటే గేదెలు కూడా ఎడమపక్కకి జరుగుతాయి. అరవై ఒక్క ఏళ్ళలో ఆవిడ ఒకే ఒక్కసారి తుమ్మిందనీ, అదీ ఎదుటివాళ్ళ ప్రయాణం ఆపడానికేననీ చెప్పుకుంటారు.

అందుకే నాలుగేళ్ళ కిందట, దానవాయిపేటలోని ఓ పరిశోధనశాలలో డాక్టర్ పురుషోత్తం గారికి 'ఏ జబ్బూ లేని మనిషి' ఒకరు కావలసి వచ్చినప్పుడు, ఆయన దగ్గర పనిచేసే హైమ రెండో ఆలోచన లేకుండా "మా అమ్మ ఉంది సార్" అనేసింది.

ఆనాటి నుంచి ప్రతి సోమవారం పొద్దున్నే మాణిక్యాంబ ల్యాబుకొచ్చి, చిన్న గొట్టంలో ఉమ్మి, సంతకం పెట్టి వెళ్తోంది. అక్కడ నార్మల్ అంటే ఆ ఉమ్మే. ఎవరి ఉమ్మినైనా దాని పక్కన పెట్టి చూడాల్సిందే. "రాష్ట్రం మొత్తానికి నార్మల్ మనిషిని నేనొక్కదాన్నేనంట" అని ఆవిడ కూరగాయల బండి దగ్గర చెబితే, బండివాడు భయపడి ఒక వంకాయ ఎక్కువ వేసేవాడు.

ఆ ల్యాబులో తయారయ్యేది పనస కార్డు. మన ఒంట్లో ప్రతి కణమూ చక్కెరలతో కుట్టిన ఒక కోటు తొడుక్కుని ఉంటుంది. చెడిపోబోయే కణం అన్నిటికన్నా ముందు మార్చేది ఆ కోటునే. క్లోమంలో కేన్సర్ బయటపడటానికి రెండేళ్ళ ముందే ఆ మారిన చక్కెర ఉమ్మిలోకి వచ్చేస్తుందని పురుషోత్తం గారు పదకొండేళ్ళు కూర్చుని కనిపెట్టారు. ఆ చక్కెరను తడిమి పట్టుకునే ప్రొటీను పనసగింజలో ఉంది. దాన్ని లెక్టిన్ అంటారు. అది పట్టుకుంటుంది గానీ, పట్టుకున్నానని చెప్పలేదు. అందుకని దాని తోకకి ముల్లంగి జాతి దుంపలోంచి తీసిన ఎంజైమును కట్టారు. రంగునీళ్ళు పోస్తే ఆ ఎంజైము వాటిని నీలంగా మార్చేస్తుంది. పనస పట్టుకుంటుంది, ముల్లంగి కేకేస్తుంది.

కార్డు మీద రెండు చుక్కలు. ఎడమ చుక్క మాణిక్యాంబ ఉమ్మితో ల్యాబులోనే వేసి ఎండబెట్టింది. అది ఎప్పుడూ తెల్లగానే ఉండాలి. కుడి చుక్క పరీక్షకొచ్చిన వాళ్ళది. దానికి నీలం పుట్టిందా, వెంటనే పెద్దాసుపత్రికి పరిగెత్తాలి. అంత తొందరగా పట్టుకుంటే కోసి తీసేయొచ్చు. ఆలస్యమైతే కోసినా లాభం లేదు.

ఆ శనివారం సాయంత్రం నాలుగింటికి మొదటి తొంభై వేల కార్డులు మూడు వ్యాన్లలో ఊళ్ళకి బయల్దేరాలి. పొద్దున్న పదింటికి ఆఖరి విడత కార్డులకి పూత వేసి పరీక్షించడానికి కూర్చున్న హైమకి పాలపొడి డబ్బా కనపడలేదు.

"బుల్లబ్బాయి గారూ, పాలడబ్బా ఏదండీ?"

బుల్లబ్బాయి ఆ ల్యాబు అటెండరు. పేరుకి అబ్బాయే గానీ వచ్చే ఏడాది రిటైరవుతాడు.

"ఆయ్, నిన్న ఇన్‌స్పెక్షనోళ్ళొచ్చారు కదండీ. పద్నాలుగు టీలండి. పాలేమో విరిగిపోయాయండి."

"అని ల్యాబు పాలపొడితో టీ పెట్టారా?"

"చాలా బాగుందన్నారండి. ఒకాయన రెండోది కూడా పుచ్చుకున్నాడండి."

హైమ నెత్తి కొట్టుకుంది. ఎంజైము కట్టిన లెక్టిన్ కాగితం మీద ఖాళీ కనపడితే చాలు, అక్కడే అతుక్కుని లేనిపోని రంగు పుట్టిస్తుంది. అలా కాకుండా కార్డులన్నిటికీ ముందు పాలపూత వేస్తారు. డబ్బా ఖాళీ. బజారుకెళ్ళి తెచ్చేసరికి అరగంట. ఈలోగా పూత వెయ్యని పచ్చికార్డు ఒకటి తీసుకుని, పాలకి బదులు సబ్బునీళ్ళలో ముంచి పని కానిచ్చింది. ఇంకో పద్ధతిలో అలా కూడా చేస్తారు.

నాలుగు నిమిషాలయ్యాక చూసింది.

ఎడమ చుక్క నీలంగా ఉంది.

ఇంకో కార్డు తీసింది. నీలం. సీసాలు మార్చింది. నీలం. చేతులు మోచేతుల దాకా కడుక్కుని, కొత్త గ్లోవ్స్ వేసుకుని, ఊపిరి కూడా పక్కకి తిప్పి వదులుతూ మళ్ళీ చేసింది. ఈసారి ఇంకాస్త శుభ్రమైన నీలం.

నిజం తేల్చుకోవడానికి ఒక దారి ఉంది. లెక్టిన్‌లో ముందే విడి చక్కెర, గెలాక్టోజ్, కలిపేస్తే దాని గుప్పెట నిండిపోతుంది. ఇక కార్డు మీద చక్కెరను పట్టుకోలేదు. అప్పుడు రంగు పోతే అది నిజమైన రంగు. పోకపోతే వట్టి మురికి. పన్నెండేళ్ళ ఉద్యోగంలో హైమ తన ప్రయోగం చెడిపోవాలని దేవుణ్ణి కోరుకున్నది అప్పుడే. మురికి అవ్వాలి, స్వామీ. చెత్త చెయ్యి నాది, చెత్త పని నాది, రంగు అలాగే ఉండిపోవాలి.

రంగు పోయింది. చుక్క మల్లెపువ్వులా తెల్లబడింది.

హైమ స్టూలు మీద కూర్చుండిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది ఏప్రిల్.

ఏప్రిల్ ఏడున, సోమవారం నాడు, ఈ ఎడమ చుక్కకి లేత నీలం పట్టింది. ఇంకు కడిగిన నీళ్ళంత లేత. పురుషోత్తం గారు కళ్ళజోడు పైకి తోసి, "మాణిక్యాంబ గారికి రంగేంటమ్మా? నీ చెయ్యి శుభ్రంగా లేదు" అన్నారు. హైమకి రోషం వచ్చింది. అంతకుముందు తను పనిచేసిన ల్యాబులో వాడేవి లెక్టిన్లు కావు, యాంటీబాడీలు. అక్కడ ప్రతి కాగితానికీ పాలపూత వేసేవారు. అదే ఇక్కడా వేసింది. లేత నీలం మాయమైంది. పురుషోత్తం గారు చప్పట్లు కొట్టారు. ఆ రోజు నుంచి ప్రతి కార్డుకీ పాలపూతే.

ఆసుపత్రి నుంచి వచ్చిన రోగుల నమూనాలు పాలపూత మీద కూడా ముదురు నీలంగా వస్తూనే ఉన్నాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. కానీ పాల ప్రొటీన్లకీ చక్కెర కోట్లుంటాయి. పెళ్ళికొచ్చినవాడికి వీధిలోనే ఎదురెళ్ళి కడుపు నిండా పెసరట్టూ ఉప్మా పెట్టేస్తే లోపల విస్తరి ముందు ఏం కూర్చుంటాడు? పనస లెక్టిన్ కూడా అంతే. పాల చక్కెరలతోనే దాని గుప్పెట నిండిపోతే, ఉమ్మిలోని కాస్తంత చక్కెరను ఇంకేం పట్టుకుంటుంది? జబ్బు ముదిరిన వాళ్ళ దగ్గర మాత్రం ఆ చక్కెర కుప్పలుగా ఉంటుంది కాబట్టి రంగు వచ్చేది. అంటే ఈ పది నెలలూ కార్డు పట్టుకున్నది ఎవరికైనా కనపడే జబ్బుని. తొలినాళ్ళ జబ్బుని పట్టుకోవడానికే పుట్టిన కార్డు, ఆ ఒక్కటీ తప్ప అన్నీ చేస్తోంది.

హైమ ఫ్రీజరు తెరిచింది. ఏప్రిల్ ఏడు నుంచి మొన్న ఫిబ్రవరి రెండు దాకా, నలభై నాలుగు సోమవారాల గొట్టాలు బయటికి తీసింది. బుల్లబ్బాయి తెచ్చిన కొత్త పాలపొడి పూసిన కాగితం మీద ఒక వరుస, సబ్బునీళ్ళ కాగితం మీద ఒక వరుస. పాల కాగితం మీద నలభై నాలుగు చుక్కలూ తెల్లగా, బడి యూనిఫారంలా ఉన్నాయి. రెండో కాగితం మీద లేత నీలంతో మొదలై, వారం వారం ఒక మెట్టు ముదురుతూ, చివరికి ఇంకు సీసా దాకా వెళ్ళింది.

"ఇదేంటండీ, మేఘం పట్టినట్టు?" అన్నాడు బుల్లబ్బాయి.

హైమ రెండు కాగితాలూ తీసుకుని పురుషోత్తం గారి గదికి నడిచింది.

పురుషోత్తం గారు ఆ రెండు కాగితాల్నీ చాలాసేపు చూశారు. తర్వాత తలుపు దగ్గరగా వేశారు.

"ఫ్రీజరు పోయిన వారం ఆగిపోయిందని నువ్వే చెప్పావు."

"గంటసేపే ఆగింది సార్. గెలాక్టోజ్ పోస్తే రంగు పోతోంది. ఇది నిజం."

"పాత గొట్టాలు చూసి తొంభై వేల కార్డులు ఆపమంటావా? ఇన్‌స్పెక్షన్ అయిపోయింది. బళ్ళొచ్చేశాయి. ఇవ్వాళ ఆగితే మళ్ళీ మన మొహం ఎవరూ చూడరు. పదకొండేళ్ళు హైమా!"

"మా అమ్మ సార్ అది."

ఆయన కిటికీలోంచి బయట హమాలీలు అట్టపెట్టెలు ఎక్కిస్తుంటే చూస్తూ ఉండిపోయారు.

"తాజా నమూనా కావాలి," అన్నారు చివరికి. "నా కళ్ళెదుట తియ్యాలి. నాలుగింటిలోపు. కానీ ఆవిడకి ఏమని చెప్పి తెస్తావు?"

ఆ సంగతి హైమ ఇంటికెళ్ళే దారంతా ఆలోచించింది. మూడు అబద్ధాలు తయారు చేసుకుంది. ఇంట్లో అడుగు పెట్టేసరికి మూడూ మర్చిపోయింది.

మాణిక్యాంబ కుట్టుమిషను ముందు కూర్చుని జాకెట్టు పక్కలు లోపలికి కుడుతోంది. ఆ ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే. అందుకని మిషను, రేడియో, మాణిక్యాంబ ఒకేసారి మాట్లాడుతున్నా అభ్యంతరం చెప్పేవాళ్ళు లేరు.

"చూశావటే, నాలుగో జాకెట్టు. అన్నీ వదులైపోయాయి. ఆ పుష్కర ఘాటు దాకా నడక పనిచేస్తోంది. పక్కింటి సుభద్ర కళ్ళు కుట్టుకుంటోంది."

"ఎన్ని కిలోలు తగ్గావమ్మా?"

"ఆరు! అన్నం దగ్గర కూడా నాకు బాగా అదుపొచ్చేసింది. రెండు ముద్దలు తినగానే ఇంక చాలనిపిస్తోంది." దారం పంటితో తెంపి, కూతురి మొహం వైపు చూసింది. "ఏంటలా నించున్నావు, ఫీజు కట్టని పిల్లలా?"

"సార్... మళ్ళీ ఉమ్మి కావాలంటున్నారు."

"శనివారమా?"

"బళ్ళు వెళ్ళేముందు ఆఖరి పరీక్షంట."

"నా ఉమ్మికి ఇంత గిరాకీ ఉంటుందని తెలిస్తే చిన్నప్పటి నుంచీ దాచిపెట్టేదాన్ని కదే." ఆవిడ లేచి, ఆ బిగించిన జాకెట్టే తొడుక్కుని, మంచి చీర కట్టుకుంది. బళ్ళు బయల్దేరేటప్పుడు ఫొటో తీస్తారేమోనని.

స్కూటరు మీద వెనక నుంచి మాణిక్యాంబ ఎరుపూ పచ్చా అంటూ సిగ్నళ్ళన్నీ పైకి చదువుతూ వచ్చింది.

మూడు ఇరవైకి పురుషోత్తం గారి కళ్ళెదుట మాణిక్యాంబ గొట్టంలో ఉమ్మింది. హైమ మూడు కార్డులు పరిచింది. ఒకదానికి పాలపూత. ఒకటి సబ్బునీళ్ళది. మూడోదీ సబ్బునీళ్ళదే గానీ దాని మీద పోసే లెక్టిన్‌లో గెలాక్టోజ్ ఉంది. చుక్కలు పెట్టి, లెక్టిన్ వేసి, కడిగి, రంగునీళ్ళు పోసింది. పురుషోత్తం గారు గడియారం పట్టుకున్నారు. ఆ నాలుగు నిమిషాల్లో గోదావరి మీద బ్రిడ్జి ఒకటి కట్టి ఓపెనింగ్ కూడా చేసేయొచ్చనిపించింది హైమకి.

రెండో నిమిషంలోనే మధ్య కార్డు మారడం మొదలైంది.

పక్క రెండూ తెల్లగా ఉండిపోయాయి. మధ్యది మాత్రం నీలమై, ముదురు నీలమై, ఆగింది.

మాణిక్యాంబ కార్డుల్ని చూడటం లేదు. కూతుర్ని చూస్తోంది.

"అది ఎవరిది?" అంది.

హైమ సీసాల మూతలు బిగించసాగింది.

"హైమా, ముప్ఫై మూడేళ్ళు ఆడపిల్లల్ని పరిగెత్తించానే. కాలు బెణికించుకుని చెప్పకుండా దాచే పిల్లని నడక చూసి పట్టేసేదాన్ని. పొద్దున్నుంచి నువ్వు కుంటుతున్నావు. అది ఎవరిది?"

"నీదమ్మా."

మాణిక్యాంబ తల ఆడించింది. ఆటల పోటీలో తీర్పు చెప్పాక పిల్లలు ఎదురు చెప్పకూడదని నేర్పినావిడ కదా, తను కూడా చెప్పలేదు. పక్కనున్న తెల్ల కార్డు చూపించింది. "మరి ఇదీ నాదేగా? ఇదెందుకు తెల్లగా ఉంది?"

"దానికి పాలపూత ఉంది. పాలు రంగుని మింగేస్తున్నాయి."

"బయట బళ్ళలో ఉన్నవి ఏ రకం?"

హైమ పురుషోత్తం గారి వైపు చూసింది. ఆయన నేల వైపు చూశారు.

"పాలపూతవేనండీ," అన్నారాయన. "కానీ మాణిక్యాంబ గారూ, ముదిరిన కేసుల్ని అవి కూడా పట్టుకుంటాయి. ముందు ఇవి వెళ్ళనివ్వండి. వచ్చే విడతలో సరిచేసేద్దాం. ఒక్క మూణ్ణెల్లు."

"ముదిరాక పట్టుకోడానికి మీ కార్డెందుకండీ? మనిషి మంచం ఎక్కితే ఇంట్లోవాళ్ళకే తెలుస్తుంది." ఆవిడ గొంతు పెద్దది కాలేదు. అదే భయంగా ఉంది. "నా ఊరివాళ్ళెవరో రేపు ఈ కార్డు చూసుకుని, తెల్లగా ఉందిలే అని ఇంటికెళ్ళి, జాకెట్లు బిగించుకుంటూ కూర్చుంటారు. అంతేగా?"

పురుషోత్తం గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"నేను సంతకం పెట్టిన కాగితం తియ్యండి. మొదటి రోజుది."

హైమ బీరువాలోంచి ఫైలు తెచ్చింది. అందరూ ఆఖరి పేజీ చూసి సంతకం పెట్టేసే ఆ కాగితాల్ని, నాలుగేళ్ళ కిందట మాణిక్యాంబ ఏడు పేజీలూ కూతురి చేత పైకి చదివించుకుని, రెండు అచ్చుతప్పులు దిద్ది మరీ సంతకం పెట్టింది. ఇప్పుడు ఐదో పేజీ తిప్పి వేలు పెట్టింది.

"ఇచ్చినవారు తమ నమూనాను ఎప్పుడైనా, కారణం చెప్పకుండానే వెనక్కి తీసుకోవచ్చు. ఇదేగా మీరు రాసింది? తీసుకుంటున్నాను. కారణం కూడా చెప్పేశాను, అది మీకు అదనం."

అని బయటికి నడిచింది. మూడు వ్యాన్లూ ఇంజన్లు వేసుకుని ఉన్నాయి. ఆవిడ మొదటి వ్యాను ముందు నిలబడి చెయ్యెత్తింది. డ్రైవరు తనకి తెలియకుండానే ఇంజను కట్టేశాడు. వెనక రెండు బళ్ళ వాళ్ళూ కట్టేశారు. ఎదురింటి మేడ మీద బట్టలారేసుకుంటున్న మనిషి కూడా నిటారుగా నిలబడింది.

"దించండి."

"ఏంటండమ్మా?" అన్నాడు డ్రైవరు.

"పెట్టెలు దించండి బాబూ. అందులో తొంభై వేలసార్లు నేనున్నాను. నేను రానంటున్నాను."

హమాలీలు పురుషోత్తం గారి కోసం చూశారు. ఆయన మెట్ల మీదికొచ్చి నిలబడ్డారు. పదకొండేళ్ళు ఆయన మొహం మీద ఒక్కసారే దిగాయి. ఒక నిమిషం తర్వాత, "దించండయ్యా," అన్నారు. ఆ మాట ఆయనకే వినపడలేదు. రెండోసారి గట్టిగా అన్నారు. అని లోపలికెళ్ళి, ఈ పది నెలల్లో ల్యాబులోనే పరీక్ష చేసి, కార్డు తెల్లగా వచ్చిందని ఇంటికి పంపిన నాలుగు వందల మంది పేర్ల పుస్తకం తీసి, మొదటి నంబరుకి ఫోను కలిపారు. అవతల ఎవరో ఎత్తారు. "నమస్కారమండీ, మీరు మళ్ళీ ఒకసారి రావాలి. ఇవ్వాళే... తప్పు మాదండీ," అంటున్న గొంతు కిటికీలోంచి వినపడింది.

పెట్టెలు దిగుతున్నాయి. మాణిక్యాంబ నీడలో నిలబడి లెక్కపెడుతోంది. హైమ వెళ్ళి పక్కన నిలబడింది. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పటికీ చెప్పలేననిపించింది.

"అమ్మా. ఏప్రిల్లోనే వచ్చింది."

"ఏమొచ్చింది?"

"నీ చుక్కకి రంగు. లేతగా వచ్చింది. సార్ నా చెయ్యి శుభ్రంగా లేదన్నారు. నాకు కోపమొచ్చింది. నేనే పాలు పూసి చెరిపేశాను. ఆ పూత ఇక్కడికి తెచ్చింది నేనే. పోయిందని సంతోషించాను కూడా."

మాణిక్యాంబ లెక్క ఆపేసింది. మూడు పెట్టెలు దిగాయి. నాలుగోది దిగింది. హైమ తల ఎత్తలేదు.

"కార్డు ఎంత ముందు చెబుతుందన్నావు?"

"రెండేళ్ళు."

"పోయినవెన్ని?"

"పది నెలలు."

"మిగిలినవి పద్నాలుగు. అదీ మీ కార్డు చెప్పింది నిజమైతే." ఆవిడ కొంగు దోపుకుంది. "నిన్ను తిట్టాలే హైమా. చాలా తిట్టాలి. నాకున్న కోపానికి పద్నాలుగు నెలలు ఏ మూలకి? ఇంకాస్త టైము దొరుకుతుందేమో అడుగుదాం పద. బండి తియ్యి."

స్కూటరు సందు మలుపు తిరిగాక హైమ నడుం చుట్టూ తల్లి చెయ్యి పడింది. ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది. సిగ్నళ్ళు ఎవరూ చదవలేదు.

పెద్దాసుపత్రిలో చీటీలు రాసే కిటికీ దగ్గర కుర్చీలో ఉన్న మనిషి తలెత్తి ఇద్దర్నీ చూశాడు. ఒకరు ఇస్త్రీ చీరలో జెండాకర్రలా నిటారుగా ఉన్నారు. ఇంకొకరు కళ్ళు ఉబ్బి, పెదాలు ఎండి, కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డారు. అతను జాలిగా హైమ వైపు తిరిగి కలం తీశాడు.

"కంగారు పడకమ్మా, డాక్టర్ గారున్నారు. పేరు చెప్పు. వయసెంత?"

"అది కాదు బాబూ," అంది మాణిక్యాంబ. "పేషెంటుని నేను."

"మీరాండీ?"

"నేనే. రాసుకో. మాణిక్యాంబ, అరవై ఒకటి."

అతను నమ్మకం లేకుండానే రాసుకున్నాడు. "ఏంటండీ కంప్లైంటు?"

"క్లోమం."

"ఎప్పట్నించండీ?"

మాణిక్యాంబ పక్కకి తిరిగి కూతురి వైపు చూసింది.

హైమ ఊచ వదిలేసి ముందుకొచ్చింది.

"ఏప్రిల్ ఏడు నుంచి," అంది. "సోమవారం. రాయండి."